అట్టపెట్టె నుంచి ట్రిప్ దాకా: సామాన్యుల కెమెరాలను మళ్లీ నడిపించే పని

పని మొదలైంది

ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తూ వచ్చిన పని ఈ నెల చేతికెత్తుకున్నాను. ఫోటోగ్రఫీలో ఓనమాలు కూడా తెలియనివాళ్లు వాడిన కెమెరాలు మూడు తీసుకుని, వాటితో మళ్లీ ఫోటోలు తీయాలి. అద్దాల బీరువాలో పెట్టుకుని చూసుకోవడానికి కాదు. రీలు వేసి, తీసి, నేనే కడిగి, కాగితం మీద బొమ్మ చూడాలి.

మూడింటినీ కావాలనే మూడు కాలాల నుంచి ఎంచుకున్నాను. ఒకటి కొడాక్ నంబర్ 2 బ్రౌనీ. 1901లో వచ్చిన మోడల్, ఒళ్లంతా అట్ట. రెండోది కొడాక్ ఇన్‌స్టమాటిక్ 100, 1963 నాటి మోడల్. మూడోది ఒలింపస్ ట్రిప్ 35. ఇది 1967లో మొదలై 1984 దాకా తయారవుతూనే ఉంది.

గొప్ప కెమెరాల గురించి పుస్తకాలు బోలెడున్నాయి. కానీ పాత ఆల్బమ్ ఏది తెరిచినా అందులోని బొమ్మల్లో ఎక్కువ భాగం ఇలాంటి పెట్టెల్లోంచి వచ్చినవే. కెమెరా పట్టుకున్న మనిషికి ఏమీ తెలియకపోయినా బొమ్మ రావాలన్నదే వీటిని తయారుచేసినవాళ్ల పట్టుదల. ఎంత వెలుతురు లోపలికి రావాలి, ఎంతసేపు రావాలి, ఎంత దూరంలో ఉన్నది స్పష్టంగా కనబడాలి అన్న మూడు ప్రశ్నలకీ వాళ్లు ముందే జవాబు రాసి పెట్టెలో పెట్టేశారు. ఆ జవాబులు ఏమిటో విప్పి చూడటమే ఈ పనిలో నాకు అసలు ఆకర్షణ.

బ్రౌనీ విప్పడం

రీలు చుట్టే తాళంచెవి లాంటి పిడిని బయటికి లాగి, వెనక తలుపు గొళ్లెం తీస్తే లోపలి చట్రం మొత్తం డ్రాయరులాగా జారి బయటికి వచ్చేస్తుంది. ఖాళీ స్పూల్ ఒకవైపు, కొత్త రీలు ఇంకోవైపు, మధ్యలో చీకటి గది. ఇంతకన్నా సరళమైన కెమెరా ఉండదు.

ఈ పెట్టె వెనక కథ చిన్నదే. జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో అమ్మిన మొదటి కొడాక్‌లో 100 ఫోటోలకు సరిపడా రీలు ఫ్యాక్టరీలోనే వేసి ఇచ్చేవారు. అన్నీ తీశాక కెమెరానే ఫ్యాక్టరీకి పంపితే బొమ్మలు కడిగి, కొత్త రీలు వేసి తిప్పి పంపేవారు. దాని ధర 25 డాలర్లు, అందరికీ అందేది కాదు. 1900లో ఫ్రాంక్ బ్రౌనెల్ రూపొందించిన మొదటి బ్రౌనీ ఒక్క డాలరుకు వచ్చింది. పిల్లలు కూడా కొనుక్కునేలా ప్రకటనలు ఇచ్చారు. మరుసటి ఏడు వచ్చిన నంబర్ 2 కోసమే 120 రీలు పుట్టింది. ఆ రీలు ఇవాళ్టికీ తయారవుతోంది. నూరేళ్లు దాటిన అట్టపెట్టెకు కొత్త రీలు తెచ్చి నేరుగా వేసుకోవచ్చంటే, నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

లెన్సు ఒకే ఒక్క గాజు ముక్క. ఒకవైపు ఉబ్బు, ఇంకోవైపు పల్లం ఉన్న మెనిస్కస్. అది షట్టర్ వెనక ఉంటుంది. దాని మీద దశాబ్దాల మసక పేరుకుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో మధ్య నుంచి అంచులకు మెల్లగా తుడిస్తే, మూడో దూదిపుల్లకు మురికి రావడం ఆగింది. ఈ లెన్సుకు పూత ఏమీ ఉండదు కాబట్టి గీత పడకుండా చూసుకుంటే చాలు, పూత పోతుందన్న భయం లేదు.

అన్నిటికన్నా ఓపిక పట్టింది వ్యూఫైండర్ల (బొమ్మలో ఏం పడుతుందో చూసుకునే కిటికీల) అద్దాలకు. పెట్టె పైన ఒకటి, పక్కన ఒకటి ఉంటాయి. నిలువు ఫోటోకి ఒకటి, అడ్డం ఫోటోకి ఇంకోటి. 45 డిగ్రీల వాలులో చిన్న అద్దం ముక్క, దాని ముందో చిన్న లెన్సు, పైన గరుకు గాజు. అద్దాలకు పూత ఊడిపోయి లోపల నలుపు తప్ప ఏమీ కనబడలేదు. ముఖం మీదే పూత ఉండే అద్దం ముక్క కొలతకు కోసి పెట్టాను. మామూలు అద్దం పెడితే గాజు వెనక పూత నుంచి ఒక బొమ్మ, గాజు ముఖం నుంచి ఇంకో లేత బొమ్మ వచ్చి రెండుగా కనబడుతుంది. ఇంత చిన్న కిటికీలో అది చికాకు పెడుతుంది. కొత్త అద్దం పెట్టి కిటికీ వైపు తిప్పగానే, బొటనవేలి గోరంత చోటులో చెట్టు కొమ్మలు కదలడం కనబడింది. కుడి ఎడమలు తారుమారైనా సరే, స్పష్టంగా కనబడింది.

వెలుతురు కారడం

అట్ట కెమెరాకు మూలల్లోనే శత్రువు ఉంటుంది. దీపాలన్నీ ఆర్పి, చిన్న టార్చి వెలిగించి పెట్టె లోపల పెట్టి, తలుపు వేసి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కూర్చున్నాను. వెనక తలుపు కింది మూలలో సూదిమొనంత వెలుగు. పక్కన నల్ల గుడ్డ ఊడిన చోట సన్నని గీత. ఎర్ర కిటికీ చుట్టూ లేత మెరుపు.

మొదటి రెండిటికీ నల్ల కాగితం పీలికలు జిగురుతో లోపలి నుంచి అతికించి, పైన మెరుపు లేని నల్ల రంగు పూశాను. మెరిసే రంగు వాడకూడదు. లెన్సు నుంచి వచ్చిన వెలుగు గోడలకు తగిలి తిరిగి రీలు మీద పడుతుంది, బొమ్మంతా చప్పబడుతుంది.

ఎర్ర కిటికీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 120 రీలుకు వెనక కాగితం ఉంటుంది, దాని మీద అంకెలు అచ్చు వేసి ఉంటాయి. రీలు చుట్టుకుంటూ కిటికీలో తరువాతి అంకె కనబడేదాకా తిప్పాలి. ఈ పద్ధతి వచ్చినప్పటి రీళ్లకు ఎరుపు వెలుగు అంటదు, అందుకే కిటికీకి ఎర్ర రంగు పెట్టారు. ఇప్పటి పాంక్రోమాటిక్ రీళ్లు ఎరుపును కూడా పట్టేస్తాయి. వెనక కాగితం చాలావరకు కాపాడుతుంది, అయినా ఎండలో కిటికీ తెరిచి ఉంచడం మంచిది కాదు. నల్ల టేపు ముక్కకు ఒక చివర మడత పెట్టి, తలుపు రెక్కలా అతికించాను. చుట్టేటప్పుడు నీడలోకి తిరిగి, టేపు ఎత్తి, అంకె రాగానే మూసేయడమే. 120 కాగితం మీద మూడు వరసల్లో అంకెలుంటాయి: 16 బొమ్మలకు ఒకటి, 12కు ఒకటి, 8కి ఒకటి. బ్రౌనీ కిటికీ 8 బొమ్మల వరస మీదికి వస్తుంది. 6×9 సెంటీమీటర్ల నెగటివ్ అన్నమాట.

షట్టర్‌ను కొలవడం

దీని కోసం చాలా ఆత్రంగా ఎదురుచూశాను. బ్రౌనీ షట్టర్ అంటే ఒక రేకు బిళ్ల, అందులో ఒక కంత, లాగి వదిలే స్ప్రింగు. మీటను ఒకవైపు నొక్కితే కంత లెన్సు ముందు నుంచి దూసుకుపోతుంది. మళ్లీ ఇంకోవైపు నొక్కితే తిరిగి వస్తుంది. రెండుసార్లూ ఫోటో పడుతుంది. బిగించి పెట్టుకోవడం, సిద్ధం చేసుకోవడం ఏమీ లేవు.

ఒక ఫోటోట్రాన్సిస్టర్‌ను (వెలుతురును కరెంటు సంకేతంగా మార్చే చిన్న భాగం) ఆడియో తీగకు కలిపి కంప్యూటర్ మైకు ద్వారంలో పెట్టాను. కెమెరా వెనక తలుపు తీసి, లెన్సు ముందు బలమైన దీపం పెట్టి, ఫోటోట్రాన్సిస్టర్‌ను రీలు ఉండే చోట నిలబెట్టాను. ధ్వని రికార్డు చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు నొక్కి షట్టర్ మీట తోస్తే, తెరిచినప్పుడు ఒక శిఖరం, మూసినప్పుడు ఇంకో శిఖరం పడతాయి. ధ్వని సెకనుకు 44,100 నమూనాలుగా నమోదవుతుంది కాబట్టి మిల్లీసెకను తేడా కూడా తెలిసిపోతుంది. నా పెట్టెలో రెండు శిఖరాల మధ్య దూరం సుమారు 25 మిల్లీసెకన్లు వచ్చింది. అంటే సెకనులో 40వ వంతు. మీటను నెమ్మదిగా తోసినా, గట్టిగా తోసినా పెద్ద తేడా రాలేదు. వేలు ఎంత గట్టిగా నొక్కినా, ఎంత మెల్లగా నొక్కినా వేగాన్ని స్ప్రింగే నిర్ణయిస్తుంది. అట్టపెట్టె చేసినవాళ్లు వేలిని నమ్మలేదు, స్ప్రింగును నమ్మారు.

తరువాత వెలుతురును కొలతగా లోపలికి వదిలే కంత. పైకి లాగే రేకు పట్టీలో మూడు కంతలున్నాయి. పట్టీ కిందికి దించి ఉంటే పెద్దది, చేతిలో పట్టుకుని తీసే ఫోటోలకు అదే. పెద్ద కంత వ్యాసాన్ని, లెన్సు నుంచి రీలుకు దూరాన్ని కొలిచి, దూరాన్ని వ్యాసంతో భాగిస్తే సుమారు 16, అంటే ఎఫ్16 వచ్చింది. ఈ అంకె పెరిగేకొద్దీ కంత చిన్నదన్నమాట.

ఇక లెక్క చూడండి. మంచి ఎండలో ఎఫ్16 దగ్గర షట్టర్ వేగం రీలు ఐఎస్‌ఓకు (వెలుతురును రీలు ఎంత త్వరగా పడుతుందో చెప్పే అంకె) విలోమంగా ఉండాలన్నది ఫోటోగ్రాఫర్లు చాలాకాలంగా నమ్ముకున్న కొలత. ఐఎస్‌ఓ 125 రీలుకు 1/125. బ్రౌనీ 1/40 ఇస్తోంది, అంటే ఎండలో ఒకటిన్నర స్టాపు పైనే ఎక్కువ వెలుతురు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు కావడం లేదా సగం కావడం). నీడలు పడని మామూలు మబ్బులో వెలుతురు రెండు స్టాపులు పడిపోతుంది, అప్పుడు అర స్టాపు లోపు తక్కువ. ముదురు మబ్బుకు ఇంకో స్టాపు పోతే, ఒకటిన్నర స్టాపు లోపు తక్కువ. నలుపు తెలుపు నెగటివ్‌కు వెలుతురు ఎక్కువైతే నష్టం తక్కువ, నెగటివ్ కాస్త ముదురుగా వస్తుంది అంతే. తక్కువైతే మాత్రం నీడల్లో ఉన్న వివరం అసలు పడదు, దాన్ని తరువాత ఎవరూ తెచ్చి పెట్టలేరు. అందుకే ఎండ వైపు ఉదారంగా ఉండి, మబ్బు రోజుకు కూడా ఏదో ఒక బొమ్మ దక్కేలా ఈ 1/40ని, ఈ ఎఫ్16ని కలిపి పెట్టారు. ఒకే కంత, ఒకే వేగం, మూడు నాలుగు రకాల ఆకాశాలు. నాకు ఇది మహా ఇంజనీరింగ్ అనిపిస్తుంది, బల్ల మీద అట్ట ముక్కలే కనబడినా సరే.

రీళ్ల మీది వేగం అంకెలు కూడా ఈ ఉదారతకు తోడైనవే. 1960లో ప్రమాణం మార్చేదాకా ఏఎస్‌ఏ (ఐఎస్‌ఓకు ముందున్న కొలత) అంకెలోనే భద్రత కోసం అదనపు వెలుతురు లెక్క కలిపి ఉండేది. ప్రమాణం మారాక అవే నలుపు తెలుపు రీళ్ల మీద దాదాపు రెట్టింపు అంకెలు కనబడ్డాయి. రీలు మారలేదు, లెక్క మారింది.

మొదటి రీలు

వేసింది ఇల్ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ అనే నలుపు తెలుపు రీలు, ఐఎస్‌ఓ 125. ఎండ బాగా ఉన్న ఉదయం బయలుదేరాను.

ఈ కెమెరా కంటి దగ్గర పెట్టుకునేది కాదు. నడుముకు ఆనించి, తల వంచి పైనుంచి చూడాలి. ఒక్కసారి అలా పట్టుకున్నాక, పాత ఆల్బమ్‌లు ఎందుకు అలా ఉంటాయో తెలిసిపోయింది. కెమెరా కన్ను నడుము ఎత్తులో ఉంటుంది. అందుకే ఆ బొమ్మల్లో మనుషులు నిటారుగా, కొంచెం పొడుగ్గా, తల వెనక బోలెడంత ఆకాశంతో కనబడతారు. ఫోటో తీసే మనిషి తల వంచుకుని ఉంటాడు కాబట్టి, ఎదుటివాళ్లు అతని కళ్లలోకి కాక పెట్టెలోకి చూస్తారు. సూర్యుడు వీపు వెనక ఉండాలన్న నియమం వల్ల ఫోటో తీసేవాడి నీడ నేల మీద బొమ్మలోకి పాకుతుంది. పాత ఫోటోల్లో టోపీ పెట్టుకున్న నీడ ఒకటి కింద కనబడితే, ఆ ఇంటి ఫోటోగ్రాఫర్ అదే.

నిలబెట్టే దూరం కూడా పెట్టె చెప్పినట్టే వినాలి. ఫోకస్ తిప్పడానికి ఏమీ లేదు. 8 నుంచి 10 అడుగుల దూరంలో నిలబడితే మనిషి బాగుంటాడు, అంతకన్నా దగ్గరికి వస్తే మసకబారుతుంది. నేను కొన్నింటిలో మనిషిని 8 అడుగుల దగ్గర నిలబెట్టాను, కొన్నింటిలో చెట్టును, మెట్లను, దూరంగా ఉన్న గోడను తీశాను. మీట తోసేటప్పుడు పెట్టె ఊగకుండా రెండు మోచేతులూ పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి, బొటనవేలితో నెమ్మదిగా తోయాలి. 1/40 వేగానికి చెయ్యి వణికితే బొమ్మ వణుకుతుంది.

ఒక జాగ్రత్త: ఫోటో పడగానే రీలు చుట్టేయాలి. చుట్టారో లేదో ఈ పెట్టెకు తెలియదు, ఒకదాని మీద ఇంకోటి పడకుండా ఆపే ఏర్పాటు ఏదీ ఇందులో లేదు.

రీలు కడగడం

చీకటి సంచిలో చేతులు పెట్టి, వెనక కాగితాన్ని విడదీస్తూ రీలును కడిగే డబ్బాలోని స్పైరల్ చట్రం మీదికి ఎక్కించాను. చివర రీలుకూ కాగితానికీ మధ్య జిగురు టేపు ఉంటుంది, దాన్ని మెల్లగా పీకాలి.

డెవలపర్ ఐడీ-11, ఒక వంతుకు ఒక వంతు నీళ్లు, 20 డిగ్రీలు, 11 నిమిషాలు. నిమిషానికోసారి డబ్బా తలకిందులు చేసి తిప్పడం. తరువాత స్టాప్ (డెవలపర్ పనిని ఆపే ద్రావణం), తరువాత ఫిక్సర్ (బొమ్మను నిలబెట్టే ద్రావణం), తరువాత నీళ్లు. ఫిక్సర్ గుణం ఎవరు కనిపెట్టారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంబరమే. ఫిక్సర్‌గా పనిచేసే హైపో అనే లవణం వెండి లవణాలను కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే గుర్తించాడు. అప్పటికి ఫోటోగ్రఫీయే లేదు. ఇరవై ఏళ్ల తరువాత ఫోటోగ్రఫీ వచ్చినప్పుడు ఆ పాత పరిశీలనే బొమ్మలను నిలబెట్టింది.

డబ్బా మూత తీసి రీలు వెలుగుకు పట్టుకున్నాను. ఎనిమిదీ ఉన్నాయి. ఎండలో తీసినవి లెక్క చెప్పినట్టే ముదురుగా, నీడలో తీసినవి పల్చగా. మూలల్లో కారిన వెలుతురు జాడ ఎక్కడా లేదు. అంచులు మెత్తగా, మధ్య భాగం స్పష్టంగా ఉంది. ఒక్క గాజు లెన్సు గుణం అంతే. దాని బొమ్మ బల్లపరుపుగా పడదు, గిన్నె ఆకారంలో వంగి పడుతుంది. మధ్యలో సరిగ్గా ఫోకస్ ఉంటే అంచుల్లో తప్పుతుంది. తరువాతి రోజుల్లో ఆగ్ఫా క్లాక్ లాంటి కెమెరాల్లో ఇదే మెనిస్కస్ లెన్సు వాడి, రీలు కూర్చునే చోటునే వంకరగా చేసి ఈ లోటు సరిదిద్దారు. లెన్సు మార్చడం ఖర్చు. వంపు తిరిగిన అచ్చు పోయడానికి అదనంగా అయ్యేది ఏమీ లేదు.

ట్రిప్ 35

బ్రౌనీ జవాబులు ఎప్పటికీ మారవు. ట్రిప్ వెలుతురు చూసి జవాబు మార్చుకుంటుంది, అదీ బ్యాటరీ లేకుండా. లెన్సు చుట్టూ బుడిపెలు బుడిపెలుగా ఉన్న పారదర్శక ప్లాస్టిక్ పట్టీ కింద సెలీనియం సెల్ ఉంటుంది. వెలుతురు పడితే అది తనంతట తనే కొద్దిపాటి కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు ఒక ముల్లును కదుపుతుంది. షట్టర్ బటన్ నొక్కగానే లోపలి మెట్ల పలక ఆ ముల్లును ఉన్నచోటే పట్టేస్తుంది. ముల్లు ఎక్కడ చిక్కిందో దాన్నిబట్టి కంత ఎంత తెరుచుకోవాలో తేలుతుంది. షట్టర్ వేగాలు రెండే: 1/200, 1/40. వెలుతురు బాగా ఉంటే మొదటిది, తగ్గితే రెండోది.

వెలుతురు మరీ తక్కువైతే బటన్ పూర్తిగా నొక్కనివ్వదు, వ్యూఫైండర్‌లో ఎర్ర జెండా లేస్తుంది. ఐఎస్‌ఓ 100 రీలుతో లెక్క వేస్తే, ఎఫ్2.8 పూర్తిగా తెరిచి 1/40 దగ్గర కూడా సరిపోని వెలుతురు అన్నమాట. రీలు వృథా కాకూడదని చేసిన ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది. పాత ట్రిప్ చేతికి వస్తే మొదట చేయాల్సిన పరీక్ష కూడా ఇదే. లెన్సు రింగును ‘A’ (ఆటోమేటిక్) గుర్తు మీద పెట్టి, సెల్‌ను అరచేత్తో మూసి ఒకసారి, వెలుతురుకు తిప్పి ఇంకోసారి బటన్ నొక్కాలి. మూసినప్పుడు జెండా లేచి బటన్ ఆగి, వెలుతురులో బటన్ పూర్తిగా దిగితే సెల్, ముల్లు రెండూ బతికే ఉన్నాయి. నా దాంట్లో రెండూ సరిగ్గా జరిగాయి.

కంత రెక్కలు మాత్రం కదల్లేదు. ఎండకు తిప్పినా, నీడకు తిప్పినా ఒకే తెరుపు. ఈ వయసు కెమెరాల్లో ఇది మామూలే. ఫోకస్ మరలకు రాసిన గ్రీజులోంచి నూనె ఏళ్ల తరబడి పాకి రెక్కల మీదికి చేరుతుంది, పల్చని పొరలా ఎండుకుపోతుంది. ఈ రెక్కలు పొడిగా పనిచేయాల్సినవి. నూనె వేయడం అసలు చేయకూడని వైద్యం.

ముందు లెన్సు విప్పే ముందు అనంత దూరం గుర్తు దగ్గర ఉంచి, రింగుకూ లెన్సుకూ కలిసేలా సన్నని గీత గీశాను, విడిపోయే క్షణంలో ఏ కోణంలో ఉందో ఇంకో గీత. ట్రిప్‌కు ఈ గీతలు ప్రాణం. వేరే కెమెరా అయితే షట్టర్‌ను ‘B’ (బటన్ నొక్కి ఉంచినంతసేపు తెరిచి ఉండే అమరిక) మీద తెరిచి ఉంచి, రీలు చోట పాల కాగితం అంటించి దూరపు వస్తువు స్పష్టంగా పడుతోందో లేదో భూతద్దంతో చూసుకోవచ్చు. ట్రిప్‌లో ‘B’ లేదు. షట్టర్‌ను తెరిచి నిలబెట్టే మార్గం లేదు కాబట్టి, విప్పినచోటే మళ్లీ బిగించాలి.

లైటర్లలో పోసే నాఫ్తా చుక్క దూదిపుల్లకు అంటించి రెక్కల మీద రాసి, కంత రింగు తిప్పుతూ రెక్కలు ఆడించాను. ఆరాక మళ్లీ. తుడిచిన దూదికి పసుపు మరక రావడం ఆగేదాకా. ఆ తరువాత ఎండకు తిప్పి బటన్ సగం నొక్కితే కంత సూదిమొనలా మూసుకుంది, గోడ నీడకు తిప్పితే వెడల్పుగా విచ్చుకుంది. చెయ్యి సెల్ ముందు నుంచి దాటిస్తూ నొక్కుతూ చూస్తుంటే, ప్రతిసారీ వేరే ఆకారం. ఆ సాయంత్రం ఇంకే పనీ చేయబుద్ధి కాలేదు.

వెనక తలుపు గాడిలో ఉన్న నురుగు కరిగి నల్ల బంకగా మారిపోయింది. పాలీయురిథేన్ నురుగుకు కాలంతో ఇదే గతి. ఆల్కహాల్‌లో ముంచిన చెక్క పుల్లతో గాడి పొడవునా గీకి తీసేశాను. ముక్కలు షట్టర్ వైపు పడకుండా కెమెరాను బోర్లా పెట్టుకుని పనిచేయాలి. దాని చోట నల్ల ఉన్ని దారం పెట్టాను. గాడిలో అది నురుగు కన్నా బాగా ఇముడుతుంది, కరగదు కూడా. మడతబందు దగ్గర పలక నురుగు ముక్క అతికించాను.

ట్రిప్‌లో మనిషి నిర్ణయించాల్సింది ఒక్కటే, దూరం. దానికీ నాలుగు బొమ్మలు గీసి ఇచ్చారు: తల భుజాలు, ఇద్దరు మనుషులు, ముగ్గురు, కొండలు. తరువాత అదీ పోయింది. 1977లో కొనికా సీ35 ఏఎఫ్ దూరాన్ని తనే కొలుచుకుంది. 1983లో రీలు డబ్బాల మీదికి వచ్చిన డీఎక్స్ గుర్తులతో రీలు వేగం కూడా కెమెరాయే చదువుకుంది. 1986లో ఫుజీ క్విక్‌స్నాప్ వచ్చేసరికి చక్రం పూర్తిగా తిరిగింది. ప్లాస్టిక్ లెన్సు, మారని కంత, మారని షట్టర్, ఫ్యాక్టరీలోనే వేసిన రీలు, కెమెరా మొత్తాన్ని తిరిగి ఇచ్చేస్తే బొమ్మలు చేతికి రావడం. బ్రౌనీ లోపలి లెక్క, 1888 నాటి కొడాక్ వ్యాపార పద్ధతి రెండూ కలిసిన పెట్టె అది.

ఇన్‌స్టమాటిక్ సంగతి

దీనికి రిపేరే లేదు. షట్టర్ చక్కగా పనిచేస్తోంది, లెన్సు తుడిస్తే మెరిసింది. లేనిది రీలు. 126 క్యాసెట్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. రీలు ఎక్కించడమే మామూలు మనిషికి పెద్ద గండం అని గ్రహించి, జారవిడిచి తలుపు వేస్తే చాలు అన్నట్టుగా చేసిన క్యాసెట్ అది. కోట్ల ఇళ్లకు చేరింది కూడా. చివరికి ఆ క్యాసెట్టే కెమెరాకు ఉరి అయింది. 1901 పెట్టెకు కొత్త రీలు దొరుకుతోంది, 1963 పెట్టెకు దొరకడం లేదు. 120ను స్టూడియోల వాళ్లు వదల్లేదు కాబట్టి అది బతికింది. 126ను ఇళ్లలోవాళ్లు తప్ప ఎవరూ వాడలేదు. వాళ్లు తరువాతి కెమెరాకు మారిపోగానే అది అనాథ అయింది.

దారి ఒకటుంది. పాత ఖాళీ క్యాసెట్‌ను అతుకు దగ్గర జాగ్రత్తగా విడదీసి, చీకట్లో మామూలు 35 మి.మీ. రీలు ముక్కను పాత వెనక కాగితంతో చుట్టి లోపల పెట్టడం. వెడల్పు సరిపోతుంది. చిక్కల్లా కంతల్లోనే. 126 రీలుకు ఫోటోకొక కంత మాత్రమే ఉంటుంది, కెమెరాలోని చిన్న మేకు అందులో పడి చుట్టడం ఆపుతుంది. 35 మి.మీ. రీలుకు అంచు పొడవునా కంతలే, మేకు ప్రతి కంతలోనూ పడుతుంది. లెన్సును చేత్తో మూసి మళ్లీ మళ్లీ నొక్కుతూ చుట్టుకుంటూ పోతే తప్ప ఒక ఫోటో అంత దూరం కదలదు. బొమ్మ అంచుల్లో కంతల వరస కూడా కనబడుతుంది. ఖాళీ క్యాసెట్ విడదీయడం అయింది. రీలు ఇంకా వేయలేదు.

కాంటాక్ట్ ప్రింట్లు

బ్రౌనీ నెగటివ్‌లను స్కాన్ చేసి తెర నిండా పెట్టుకుని చూస్తే పెదవి విరుపే మిగిలింది. ఆకులు ముద్దగా, ముఖం మీద గీతలు అస్పష్టంగా. కానీ అది కెమెరాకు చేస్తున్న అన్యాయం. ఈ పెట్టె నుంచి వచ్చే నెగటివ్‌ను మామూలుగా పెద్దది చేసి చూసేవారు కాదు. నెగటివ్‌ను నేరుగా కాగితం మీద ఆనించి, నెగటివ్ ఎంత ఉందో అంత ప్రింటే వేసేవారు. 6×9 సెంటీమీటర్ల నెగటివ్ అంత పెద్దగా ఉండటానికి కారణమే అది. పెట్టె లోపలి లెక్కలన్నీ ఆ సైజు ప్రింటును అరచేతిలో పెట్టుకుని చూడటానికి కుదిర్చినవే.

అందుకని ఎన్‌లార్జర్ లేకుండానే మొదలుపెట్టాను. స్నానాల గదిలో ఎర్ర దీపం. ప్రింటు కాగితానికి నీలం, ఆకుపచ్చ వెలుగులే అంటుతాయి, ఎరుపు అంటదు. కాగితం మీద నెగటివ్‌ను రసాయనం పూసిన వైపు కిందికి ఉండేలా పరిచి, పైన బరువైన గాజు పలక పెట్టి, పైన వేలాడే చిన్న బల్బు వెలిగించాలి. ముందు ఒక పీలికను అట్టతో కొద్దికొద్దిగా జరుపుతూ పరీక్ష. ముదురు నెగటివ్‌లకు ఎక్కువసేపు, నీడలో తీసిన పల్చనివాటికి దాదాపు సగం. డెవలపర్‌లో నిమిషం, స్టాప్‌లో పది సెకన్లు, ఫిక్సర్‌లో అర నిమిషం, నీళ్లలో రెండు నిమిషాలు.

తెర మీద ముద్దగా కనిపించిన ఆకులు ఆకులుగానే ఉన్నాయి. 8 అడుగుల దూరంలో నిలబెట్టిన మనిషి చొక్కా గుండీలు లెక్కపెట్టవచ్చు. అంచుల మెత్తదనం కళ్లను మధ్యలో ఉన్న ముఖం మీదికే తోస్తోంది. ఎండలో అతిగా వెలుతురు పడిన నెగటివ్‌ల నుంచే అన్నిటికన్నా మంచి ప్రింట్లు వచ్చాయి, నీడల్లో కూడా వివరం నిండుగా ఉంది.

ఈ కెమెరాల లెన్సును తిరగేసి పెట్టి వింత మసక తెప్పించడం, వెలుతురు కావాలనే కార్పించడం ఈమధ్య చాలామంది చేస్తున్నారు. నాకు అది నచ్చదు. ఇవి మసక బొమ్మల కోసం పుట్టినవి కావు. తక్కువ ఖర్చులో వీలైనంత స్పష్టమైన బొమ్మ ఇవ్వాలని తయారుచేసినవి, చెప్పినట్టు వింటే ఇస్తాయి.

ట్రిప్ రీలు కూడా ఇవాళే కడిగాను. నెగటివ్‌లన్నీ ఇంచుమించు ఒకే ముదురులో ఉన్నాయి, ఎండ, నీడ, కిటికీ పక్కన తీసినవి కూడా. సెల్ సరిగ్గా కొలుస్తోంది. తల భుజాల గుర్తు దగ్గర తీసినవి కళ్ల వెంట్రుకల దాకా స్పష్టంగా ఉన్నాయి, అంటే ముందు లెన్సు తన చోట్లోనే కూర్చుంది.

రెండు కెమెరాల తలుపుల లోపలా చిన్న కాగితం అతికించాను. బ్రౌనీలో: ఎండ వీపు వెనక, మనిషి 8 నుంచి 10 అడుగులు, పెద్ద కంత, ఐఎస్‌ఓ 125, తీయగానే చుట్టు, కిటికీ నీడలోనే తెరువు. ట్రిప్‌లో: రింగు ‘A’ మీద, రీలు వేగం సరిచూడు, జెండా లేస్తే వెలుతురులోకి జరుగు. ఇన్‌స్టమాటిక్ కోసం 35 మి.మీ. రీలును కాగితం పొడవుకు కత్తిరించుకోవాలి, వచ్చే వారం ఆ పనే.